ముందు నేల మీద, ఆ తర్వాత మాట మీద

తాడాసనంలో చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. రెండు కాళ్ల మీద నిటారుగా నిలబడటమే. అయినా చెదిరిన మనసును ఒకచోటికి తెచ్చుకుని, అనుకున్న పనికి పూనుకోవడానికి ఇంత తేలికైన సాధన ఇంకొకటి దొరకదు. దానికి సంకల్పం తోడైనప్పుడే ఆ విలువ తెలుస్తుంది.

ఏటా యోగా దినోత్సవం మర్నాడు పత్రికల్లో వచ్చే ఫొటోలు చూస్తే యోగా అంటే ఒళ్లు మెలికలు తిప్పడమే అనిపిస్తుంది. తలకిందులుగా నిలిచినవాళ్లు, కాలిని మెడ మీదికి తెచ్చుకున్నవాళ్లు మొదటి పేజీకి ఎక్కుతారు. 2025 జూన్ 21న విశాఖపట్నం ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా సుమారు 3 లక్షల మంది కలిసి ఆసనాలు వేశారు. అలాంటి సామూహిక కార్యక్రమాల కోసం ఆయుష్ మంత్రిత్వశాఖ 45 నిమిషాల ఉమ్మడి అభ్యాస క్రమం ఒకటి తయారుచేసింది. అందులో ప్రార్థన, కీళ్లు వదులుచేసే కదలికలు అయ్యాక వచ్చే తొలి ఆసనం తాడాసనం. ధ్యానం ముగిశాక, శాంతి పాఠానికి ముందు వచ్చేది సంకల్పం. మొదటిదాన్ని ఒళ్లు వేడెక్కడానికన్నట్టు గబగబా కానిచ్చేస్తాం. చివరిదాన్ని మైకులో వినిపిస్తే వెంట అనేసి చాప చుట్టేస్తాం. మధ్యలో ఉన్నవే అసలు యోగా అనుకుంటాం. ఈ రెండు చివరలనూ దగ్గరికి తెస్తే, ఇంకే ఆసనమూ రానివాళ్లకు కూడా రోజూ పనికొచ్చే సాధన ఒకటి చేతికొస్తుందన్నది ఈ కథనం చేసే వాదన.

తాడాసనం రెండు రకాలుగా వాడుకలో ఉంది. ఆయుష్ క్రమంలో వేళ్లు పెనవేసి, చేతులు పైకెత్తి, మడమలు లేపి నిలబడతారు. బి.కె.ఎస్. అయ్యంగార్ పద్ధతిలో చేతులు పక్కన వదిలి, పాదాలు పూర్తిగా నేలకు ఆనించి నిలబడతారు. దీనికే సమస్థితి అన్న పేరూ ఉంది. పట్టాభి జోయిస్ మైసూరులో నేర్పిన అష్టాంగ పద్ధతిలోనూ నిలబడి వేసే ఆసనాలు సమస్థితితో మొదలై మళ్లీ అక్కడికే వస్తాయి. ఇక్కడ మాట్లాడుకునేది ఈ రెండో రకం గురించే.

పాత పుస్తకాల్లో లేని ఆసనం

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. తాడాసనం వేల ఏళ్ల నాటిదని శిక్షణ కేంద్రాల కరపత్రాలు చెబుతుంటాయి. పతంజలి సూత్రాలు దాదాపు 200 ఉంటే ఆసనం గురించి చెప్పినవి మూడే. వాటిలో ఒక్క ఆసనం పేరూ లేదు. 15వ శతాబ్దం నాటి హఠయోగ ప్రదీపిక 15 ఆసనాలను వివరిస్తుంది కానీ వాటిలో నిలబడి వేసేది ఒక్కటీ కనిపించదు. తర్వాత వచ్చిన ఘేరండ సంహిత చెప్పిన 32 ఆసనాల్లో ఒంటికాలి మీద నిలిచే వృక్షాసనం ఉంది, తాడాసనం లేదు. నిలబడి వేసే ఆసనాలకు నేటి ప్రాధాన్యం 20వ శతాబ్దంలోనే వచ్చింది. మైసూరు మహారాజు నాల్గో కృష్ణరాజ ఒడెయర్ ప్రోత్సాహంతో 1930లలో జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల నడిపిన తిరుమలై కృష్ణమాచార్య, ఆయన శిష్యులు అయ్యంగార్, పట్టాభి జోయిస్ వాటిని లోకమంతటా వ్యాపింపజేశారు. అయ్యంగార్ 1966లో వెలువరించిన 'లైట్ ఆన్ యోగా' ఆసనాల వివరణను తాడాసనంతోనే మొదలుపెట్టింది.

అలాగని నిలబడటాన్ని సాధనగా చూడటం మనకు నిన్న మొన్నటి సంగతేమీ కాదు. శ్రవణబెళగొళ కొండ మీద 10వ శతాబ్దంలో చావుండరాయుడు చెక్కించిన 57 అడుగుల గోమటేశ్వరుడు నిలబడే తపస్సులో ఉన్నాడు. జైనులు కాయోత్సర్గం అనే ఆ స్థితిలో చేతులు ఒంటికి తగలకుండా కిందికి వదిలి, శరీరం మీది మమకారాన్ని విడిచి నిలబడతారు. నాట్యశాస్త్రం పురుషులకు చెప్పిన ఆరు స్థానకాల్లో సమపాదం ఒకటి. కూచిపూడి నేర్చుకునే పిల్లలందరికీ ఆ పేరు తెలుసు. అడుగు వేసేముందు సరిగ్గా నిలబడటం నేర్పాలన్న సంగతి శిల్పులకూ నట్టువనార్లకూ యోగ గ్రంథాలతో పనిలేకుండానే తెలిసింది. కాబట్టి ఆసనం వయసు గురించి గొప్పలు చెప్పుకోవాల్సిన అవసరం లేదు. అది చేసే పని ఏమిటో చూస్తే చాలు.

కదలకుండా నిలబడటం అసాధ్యం

నిటారుగా, నిశ్చలంగా నిలబడ్డామని మనం అనుకుంటాం గానీ ఒళ్లు ఒక్క క్షణం కూడా నిశ్చలంగా ఉండదు. మనిషి బరువు రేఖ చీలమండ కీలుకు కాస్త ముందుగా నేలను తాకుతుంది. అందువల్ల శరీరం ఎప్పుడూ ముందుకు వాలబోతూనే ఉంటుంది, పిక్క కండరాలు దాన్ని వెనక్కి లాగుతూనే ఉంటాయి. అరచేతి మీద కర్రను నిలబెట్టిన పిల్లవాడు చేతిని అటూ ఇటూ జరుపుతుంటాడే, మన పాదాలు రోజంతా చేసేది ఆ పనే. చెప్పులు విప్పి, రెండు పాదాలూ దగ్గరపెట్టి, ఒక నిమిషం కిందికి చూస్తే ఇది కంటికే కనబడుతుంది. పాదం పైభాగంలో నరాల్లా కనిపించే స్నాయువులు ఒకటి తర్వాత ఒకటి లేచి పడుతుంటాయి. బొటనవేలు నేలను పట్టుకుంటుంది, వదులుతుంది. ఒక్కో పాదంలో 26 ఎముకలున్నాయి. ఒంట్లోని 206 ఎముకల్లో నాలుగో వంతు ఈ రెండు పాదాల్లోనే ఉన్నాయంటే ఆ పని ఎంత సూక్ష్మమైనదో ఊహించవచ్చు.

ఈ సర్దుబాటుకు కావాల్సిన సమాచారం మెదడుకు మూడు దారుల్లో అందుతుంది. కళ్లు, లోపలి చెవిలోని సమతౌల్య యంత్రాంగం, అరికాళ్లలోనూ కీళ్లలోనూ కండరాల్లోనూ ఉండే స్పర్శ జ్ఞానం. వీటిలో ఒకటి మూతపడితే మిగతా రెండింటి మీద భారం పడుతుంది. పాదాలు దగ్గరపెట్టి నిలబడి కళ్లు మూసుకుంటే ఊగు పెరగడం అందుకే. జర్మన్ వైద్యుడు మోరిట్జ్ రోంబర్గ్ 19వ శతాబ్దంలో దీన్నే రోగ పరీక్షగా మార్చాడు. నరాల వైద్యులు ఇప్పటికీ వాడే ఆ రోంబర్గ్ పరీక్షకూ, సమస్థితిలో నిలబడి కళ్లు మూసుకోవడానికీ మధ్య చూడటానికి పెద్ద తేడా కనిపించదు.

మనసుకు దీనితో సంబంధం ఏమిటన్నదే అసలు ప్రశ్న. నిలబడటం దానంతటదే జరిగిపోయే పనిలా కనిపించినా అది మన ధ్యాసలో కొంత భాగాన్ని వాడుకుంటుంది. 1997లో 'లాన్సెట్' వైద్య పత్రికలో స్వీడన్ పరిశోధకులు ఒక చిన్న పరిశీలన ప్రచురించారు. నడుస్తున్న వృద్ధులను పలకరించారు. జవాబు చెప్పడానికి నడక ఆపేసినవాళ్లు తర్వాతి నెలల్లో ఎక్కువగా పడిపోయారు. మాటకూ నడకకూ చాలినంత ధ్యాస వాళ్ల దగ్గర లేదన్నమాట. ఆ తర్వాత ఎన్నో ప్రయోగశాలలు ఈ సంగతినే రకరకాలుగా రుజువు చేశాయి. ఒంటి నిలకడ, మనసు నిలకడ ఒకే ఖాతాలోంచి ఖర్చవుతాయి. కూర్చుని కళ్లు మూసుకున్నప్పుడు మనసు ఎటో వెళ్లిపోయినా ఐదు నిమిషాల దాకా మనకే తెలియకపోవచ్చు. నిలబడి పాదాలను గమనిస్తున్నవాళ్లకు మాత్రం ఒక కాలి మీదికి బరువు జారిన సంగతి, మోకాలు బిగిసిన సంగతి వెంటనే చేతికి చిక్కే ఆనవాళ్లు. ధ్యాస తప్పిందని చెప్పడానికి గురువు పక్కన ఉండనక్కర్లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఈ ఆసనం నప్పుతుందనడానికి నాకు కనబడే బలమైన కారణం ఇదే.

ఎలా నిలబడాలి

గచ్చు మీద ఉత్త కాళ్లతో నిలబడాలి. మెత్తటి పరుపు, దళసరి చాప పనికిరావు, అరికాలికి నేల తెలియాలి. పాదాలు పక్కపక్కన ఆనించి ఉంచుకోవచ్చు. తూలు వచ్చేవాళ్లు, పెద్దవయసువాళ్లు, గర్భిణులు జానెడు ఎడం ఉంచుకోవడం మేలు. ముందుగా బరువును కొంచెం మునివేళ్ల మీదికి, తర్వాత మడమల మీదికి, ఆ తర్వాత కుడికీ ఎడమకీ పోనిచ్చి, నాలుగు వైపులా సమానంగా అనిపించిన చోట ఆగాలి. మనలో చాలామందిమి ఒక కాలి మీద బరువు వేసి నిలబడతాం, పాత చెప్పుల అరుగుదల చూస్తే ఏ కాలో తెలిసిపోతుంది. మోకాళ్లను నిటారుగా ఉంచాలి గానీ వెనక్కి నెట్టకూడదు. నడుము లోపలికి విరుచుకోకుండా చూసుకుని, భుజాలు చెవులకు దూరంగా వదిలేయాలి. గడ్డం నేలకు సమాంతరంగా ఉండాలి. కంటి ఎత్తులో గోడ మీద ఒక గుర్తు ఎంచుకుని దానిమీద చూపు నిలపాలి. ముక్కుతో నిదానంగా పది ఊపిరులు తీసుకుంటే చాలు.

ధ్యాస ఎక్కడ పెట్టాలన్న దానిమీద ఒక అభ్యంతరం ఉంది, అది గట్టిదే. క్రీడా శాస్త్రవేత్త గాబ్రియెల్ వుల్ఫ్ 1990ల చివరి నుంచి చేసిన ప్రయోగాల్లో, సొంత కండరాల మీద ధ్యాస పెట్టినవాళ్ల కన్నా ఒంటికి వెలుపల ఉన్నదాని మీద ధ్యాస పెట్టినవాళ్లు సమతౌల్యాన్ని బాగా నిలబెట్టుకున్నారు. ప్రతి కండరాన్నీ అదుపు చేయబోతే శరీరం బిగుసుకుపోతుంది. మరి ఒళ్లంతా గమనించమనే యోగా పాఠం తప్పేనా? పాఠం చెప్పే తీరు తప్పు కావచ్చు. 'పిక్కలు బిగించండి, తొడలు ఎత్తండి' అంటూ పది ఆదేశాలు ఒకేసారి ఇస్తే నేర్చుకునేవాళ్లు కొయ్యబారిపోతారు. 'పాదాలతో నేలను నొక్కండి, నడినెత్తిని కప్పువైపు పోనివ్వండి' అని రెండు మాటలు చెప్పి వదిలేస్తే పని జరుగుతుంది. రెండూ ఒంటికి వెలుపలి గురుతులే. అదుపు చేయడం వేరు, గమనించడం వేరు. సమస్థితిలో కావాల్సింది రెండోదే. బడిలో పీటీ సారు 'సావధాన్' అనగానే ఛాతీ విరిచి, ఊపిరి బిగబట్టి నిలబడతామే, దానికీ దీనికీ ఉన్న తేడా కూడా ఇక్కడే ఉంది. అక్కడ ఆజ్ఞ కోసం ఎదురుచూస్తాం, ఇక్కడ మన నిలకడను మనమే చూసుకుంటాం.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. పడక మీద నుంచి లేచి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం ఛాతీ నుంచి పొట్టలోకీ కాళ్లలోకీ దిగుతుంది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు ఆ క్షణంలో కళ్లు తిరగవచ్చు. మధుమేహం వల్ల అరికాళ్ల స్పర్శ తగ్గినవాళ్లు కళ్లు మూసుకుంటే తూలిపడే ప్రమాదం ఉంది. వీళ్లు గోడ పక్కనే నిలబడి, కళ్లు తెరిచే చేయాలి. ఎవరైనా సరే కళ్లు బైర్లు కమ్మినట్టు అనిపిస్తే పట్టుదలకు పోకుండా కూర్చోవాలి.

సంకల్పంలో శ్రీశైలం ఎందుకు

నిలకడ వచ్చాక ఏం చేయాలి? ఇక్కడే సంకల్పం అవసరం. ఆధునిక యోగా తరగతుల్లో సంకల్పం అంటే 'ప్రశాంతంగా ఉంటాను', 'సానుకూలంగా ఆలోచిస్తాను' లాంటి మంచి మాట ఒకటి అనుకోవడంగా మిగిలిపోయింది. తెలుగు ఇళ్లలో పూజకు కూర్చున్నప్పుడు పురోహితుడు చెప్పించే సంకల్పం ఇంతకన్నా ఎంతో నిక్కచ్చిగా ఉంటుంది. మేరువుకు ఏ దిక్కున ఉన్నామో, శ్రీశైలానికి ఏ మూల ఉన్నామో, ఏ నదుల నడుమ ఉన్నామో ముందు చెప్పాలి. తర్వాత సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం. ఆపైన గోత్రం, పేరు. ఇవన్నీ అయ్యాకే చేయబోయే పని ఏమిటో చెప్పాలి. అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ల ఇళ్లలోనైతే అక్కడి నదుల పేర్లు చేర్చి మరీ చెప్పిస్తున్నారు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అన్నవి తేలకుండా 'ఏం చేస్తాను' అన్న మాటకు ఆ సంప్రదాయం చోటివ్వదు.

ఈ పద్ధతికి బలం ఏమిటో మనస్తత్వ శాస్త్రం తన దారిన తాను కనుక్కుంది. జర్మన్ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1990ల నుంచి ఒక ప్రశ్న మీద పనిచేశారు. మంచి ఉద్దేశాలు చాలామందికి ఉంటాయి, వాటిలో కొన్నే పనిగా ఎందుకు మారతాయి? ఆయనకు దొరికిన జవాబు సూటిగా ఉంది. 'వ్యాయామం చేస్తాను' అనుకున్నవాళ్ల కన్నా, 'ఫలానా వేళ, ఫలానా చోట, ఫలానాది జరగగానే ఇది చేస్తాను' అని ముందే ముడివేసుకున్నవాళ్లు పని పూర్తిచేసే అవకాశం ఎక్కువ. ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 2006లో 94 అధ్యయనాల ఫలితాలను క్రోడీకరించి చూస్తే ఆ ప్రభావం మధ్యస్థానికి పైనే తేలింది. పూజ సంకల్పం లక్ష్యం వేరు, ఈ పరిశోధన లక్ష్యం వేరు. రెండూ ఒకటేనని చెప్పడం అతి అవుతుంది. అయితే ఉద్దేశాన్ని చోటుకూ వేళకూ కట్టిపడేయాలన్న మెలకువ మాత్రం రెండింటిలోనూ ఉంది.

సమస్థితి ఆ కట్టుకు కావాల్సిన మొదటి సగాన్ని ఒంటికి తెలిసేలా చేస్తుంది. పాదాల కింద నేల ఉంది, ఊపిరి నడుస్తోంది, చూపు ఒకచోట ఉంది. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అన్నవి అనుభవంలోకి వచ్చాయి. అప్పుడు ఒకే ఒక్క వాక్యం చెప్పుకోవాలి. 'కోపం తగ్గించుకుంటాను' అంటే చాలదు. 'సాయంత్రం పిల్లాడు మార్కుల కాగితం చూపించగానే, మాట్లాడేముందు పూర్తిగా చదువుతాను' అనాలి. 'ఆరోగ్యం చూసుకుంటాను' బదులు 'భోజనం కాగానే వీధి చివరి దాకా నడుస్తాను' అనాలి. రోజుకు ఒకటే చాలు. అది ఆ రోజే తేలిపోయేదై ఉండాలి, మర్నాడు అదే చోట నిలబడినప్పుడు చేశామో లేదో మనకే తెలియాలి.

ఎదురయ్యే ప్రశ్నలు

నిలబడే తీరు మనిషినే మార్చేస్తుందన్న ప్రచారం ఇప్పటికే ఒకసారి దెబ్బతింది కదా అని విషయం తెలిసినవాళ్లు అడుగుతారు. నిజమే. రెండు నిమిషాలు ఠీవిగా నిలబడినా కూర్చున్నా ఒంట్లో హార్మోన్లే మారతాయని 2010లో అమెరికాలో 42 మందితో చేసిన అధ్యయనం ఒకటి చెప్పింది. 2015లో 200 మందితో మళ్లీ చేస్తే హార్మోన్లలో ఆ మార్పు కనిపించలేదు. మొదటి అధ్యయన రచయితల్లో ఒకరైన డానా కార్నీ ఆ ప్రభావం నిజమని తాను నమ్మడం లేదని 2016లో బహిరంగంగా ప్రకటించారు. ఆ పాఠం యోగా గురువులకూ వర్తిస్తుంది. తాడాసనం పొడుగు పెంచుతుందని, గ్రంథులను ఉత్తేజపరుస్తుందని చెప్పడం మానాలి. ఇక్కడ చేసే వాదన అంతదాకా పోదు. ధ్యాసను ఒకచోట నిలిపి, స్పష్టమైన ఒక పనికి మాట ఇచ్చుకోవడానికి ఇది అనువైన చోటు అన్నంతవరకే.

మరి ఒంటికి ఏ మేలూ లేదా? 2022లో బ్రెజిల్ పరిశోధకులు 51 నుంచి 75 ఏళ్ల వాళ్లు 1,702 మందిని పరిశీలిస్తే, 10 సెకన్లు ఒంటికాలి మీద నిలవలేనివాళ్లలో తర్వాతి ఏళ్లలో మరణ ముప్పు 84 శాతం ఎక్కువగా కనిపించింది. నిలబడటం సాధన చేస్తే ఆయుష్షు పెరుగుతుందని దీనర్థం కాదు. నిలకడ ఒంటి స్థితికి అద్దం పడుతుందని మాత్రం చెప్పవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన ఏటా 6,84,000 మంది కిందపడి చనిపోతున్నారు. తగిన వ్యాయామాలతో వృద్ధులు పడిపోవడం 23 శాతం దాకా తగ్గుతుందని 108 పరీక్షలను సమీక్షించిన కాక్రేన్ నివేదిక 2019లో తేల్చింది. ఆ ఫలితానికి ఊతమిచ్చిన వ్యాయామాలు సమస్థితి కన్నా కష్టమైనవి. నడక, కండరాల బలం, ఒంటికాలి సాధన అన్నీ వాటిలో ఉన్నాయి. సమస్థితి వాటికి మొదటి మెట్టు అవుతుందే గానీ వాటి బదులు కాలేదు.

ఇంతకన్నా బరువైన ప్రశ్న ఒకటుంది. బట్టల దుకాణంలో పొద్దున్నించి రాత్రి దాకా నిలబడే అమ్మాయికి, కూడలిలో ఎండలో నిలబడే ట్రాఫిక్ కానిస్టేబుల్‌కు ఇంకా నిలబడమని ఏ మొహంతో చెబుతాం? చెప్పకూడదు. అమ్మకాల సిబ్బందికి కూర్చునే సౌకర్యం ఉండాలని 2018లో కేరళ, 2021లో తమిళనాడు చట్టాలు సవరించుకోవాల్సి వచ్చిందంటే బలవంతంగా నిలబడటం ఎంత హింసో అర్థమవుతుంది. రోజంతా నిలబడేవాళ్లకు ముందు కావాల్సింది కుర్చీ. వాళ్లు ఇదే సాధనను కుర్చీలో నిటారుగా కూర్చుని, రెండు పాదాలూ నేలకు ఆనించి చేసుకోవచ్చు. నిలకడగా ఉండటం, గమనించడం, ఒక మాట ఇచ్చుకోవడం, ఈ మూడే ముఖ్యం. అలాగే ఇది ఒక మతానికి చెందినదేమో అన్న సందేహానికీ జవాబు ఇందులోనే ఉంది. ఇందులో మంత్రం లేదు, దైవనామం లేదు. ఎవరి నమ్మకంలోని మాటనైనా, ఏ నమ్మకమూ లేని మాటనైనా చెప్పుకునే వీలుంది.

బడిలో మొదలుపెడదాం

నిలబడి మాట ఇచ్చే అలవాటు తెలుగు పిల్లలకు కొత్త కాదు. నల్గొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉంటూ తెలుగులో రాసిన జాతీయ ప్రతిజ్ఞను ఇవాళ దేశమంతా తన తన భాషల్లో చెబుతోంది. పిల్లలు వరుసల్లో నిలబడి, కుడిచేయి చాచి రోజూ దాన్ని అంటారు. నిలబడితేనే, మంచి మాటలు పలికితేనే సంకల్పం కుదిరిపోయేటట్లయితే మన బడులన్నింట్లో అది ఈపాటికి కుదిరి ఉండాలి. ముందువాళ్ల జడ లాగుతూ, పక్కవాళ్లతో గుసగుసలాడుతూ కూడా దాన్ని తప్పు లేకుండా అప్పజెప్పవచ్చని ఏ ఉపాధ్యాయుడైనా చెబుతాడు. లోపం ప్రతిజ్ఞలో లేదు. దానికి ముందు నిలకడ లేదు, దాని తర్వాత ఆ రోజుకు ఒక పని లేదు.

ఈ రెండూ చేర్చడానికి ఒక్క నిమిషం చాలు. ప్రతిజ్ఞకు ముందు చెప్పులు విడిచి పది ఊపిరులు నిలబడనివ్వాలి. అయిపోయాక, ఆ రోజు ఫలానా గంటలో ఫలానాది చేస్తానని ప్రతి బిడ్డా మనసులో ఒక వాక్యం ఎంచుకోవాలి. ఆ వాక్యం ఏమిటని పెద్దలు అడగకూడదు, అడిగితే అది మార్కుల కోసం చెప్పే మాటగా మారిపోతుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 8 తరగతుల వరకు ఏడాదికి 220 పనిదినాలుండాలి. రోజుకు నిమిషం చొప్పున ఏడాది మొత్తానికి నాలుగు గంటలు కూడా కాదు. జూన్ 21 వేడుకకు ఒక్క బడి చేసే తర్ఫీదుకే అంతకన్నా ఎక్కువ సమయం పడుతుంది. ఒక్క రోజు లక్షల మందిని కూడగట్టే శక్తి మనకుందని విశాఖ తీరం చూపించింది. అందులో కొంచెమైనా మిగతా 219 రోజుల్లో రోజుకొక నిమిషం మీద పెడితే, యోగా దినం మనకు ఒక ఉత్సవంగా మిగిలిపోకుండా అలవాటుగా మారుతుంది. పిల్లలు తమకు తాము ఇచ్చుకున్న చిన్న మాటను సాయంత్రానికల్లా నిలబెట్టుకుని ఇంటికి వెళ్లడం నేర్చుకుంటారు. తలకిందులుగా నిలబడటం నేర్పడం కన్నా అది ఎక్కువ మందికి, ఎక్కువ కాలం ఉపయోగపడే చదువు.